పిల్లలకు అమెరికా చరిత్ర చెప్పడానికి ఒక ఊరు, ఒక గౌను, ఒక జేబు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వర్జీనియాలో రిచ్‌మండ్ పక్కన ఇల్లు, పాపకి పదకొండు, బాబుకి ఎనిమిది, ఈ ఏడాదే బడి మాన్పించి ఇంట్లో చదువు మొదలుపెట్టారు. లెక్కలు, సైన్సు సాగుతున్నాయి గానీ అమెరికా చరిత్ర పుస్తకం తెరవగానే ఇద్దరూ ఆవలిస్తున్నారు. అందుకని పాతకాలపు దుస్తులు వేసి చారిత్రక స్థలాలన్నీ తిప్పాలని మీ ఆలోచన. ఏ దుస్తులు కొనాలి, ఎక్కడెక్కడికి వెళ్ళాలి, మనకే రాని చరిత్ర మనం ఎలా చెప్తాం అని మీ మూడు ప్రశ్నలు.

మూడోది ముందు తేల్చేద్దాం. నేను పదో తరగతిలో చదివిన సాంఘికశాస్త్రంలో అమెరికా విప్లవం పేజీన్నర ఉండేది. బోస్టన్ టీ పార్టీ అంటే, పన్ను మీద కోపంతో టీ పెట్టెలు సముద్రంలో పారేసిన గొడవని తెలీక, ఎవరో ఎవరినో టీకి పిలిచారని చాలాకాలం అనుకున్నాను. మా ఇద్దరు పిల్లలకూ ఎనిమిదేళ్ళు ఇంట్లోనే చెప్పాను, ఇప్పుడు పెద్దది కాలేజీలో ఉంది. ఆ ఎనిమిదేళ్ళలో నాకు తెలియకపోవడం వల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు. తెలిసినట్టు నటించిన రోజుల్లోనే పాఠం చెడింది. "నాకూ తెలీదు, పద అడుగుదాం" అన్నప్పుడు పిల్లలు ముందు నడిచారు, నేను వెనక నడిచాను.

ఇక దుస్తులు. మొదటి ఏడు నేను చేసిన పని మీరు చేయకండి. ఆన్‌లైన్‌లో రెండు "కలోనియల్", అంటే బ్రిటిష్ వలసకాలపు, డ్రెస్సులు తెప్పించాను. పాలిస్టర్, వెనక జిప్పు, మెడ చుట్టూ గీసుకుపోయే లేసు. జూలై ఎండలో అవి తొడిగి ఒకే రోజు మూడు చోట్లకి తిప్పాను. వర్జీనియా జూలై ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మన బందరు ఉక్కపోతకి మేనత్త. మధ్యాహ్నానికి పాప ఏడుపు, బాబు టోపీ కారులో. రాత్రి "ఏం చూశావురా" అంటే "ఐస్‌క్రీం" అన్నాడు. తప్పు వాడిది కాదు. మన ఊళ్ళలో స్కూలు వార్షికోత్సవానికి అల్లూరి సీతారామరాజు వేషం కట్టి, విల్లు చేతికిచ్చి, నాలుగు ముక్కలు బట్టీ పట్టించి స్టేజి ఎక్కిస్తామే, నేను చేసింది అదే. ఫోటో బాగా వచ్చింది.

ఆ తర్వాత దారి మార్చాం. ఒక్క ఊరు పట్టుకున్నాం, దానికే మళ్ళీమళ్ళీ వెళ్ళాం. దుస్తులు కొనడం మానేసి, ఒక్కో బట్ట కుడుతూ, ఇది ఎవరు నేశారు, ఎవరు ఉతికారు, ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడుగుతూ పోయాం. మీకు నా సలహా మొత్తం ఇంతే. మిగతాదంతా అది ఎలా చేశామన్న వివరం.

మీకు ఊరు వెతుక్కోవాల్సిన పని లేదు. రిచ్‌మండ్ నుంచి గంట దూరంలో విలియమ్స్‌బర్గ్ ఉంది. 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కి మారాక ఊరు నిద్రపోయింది, ఆ నిద్రే దాన్ని కాపాడింది. 1926లో గుడ్విన్ అనే చర్చి పాస్టరు కోటీశ్వరుడు రాక్‌ఫెల్లర్ జూనియర్‌ని ఒప్పించి పాత ఊరిని తిరిగి నిలబెట్టడం మొదలుపెట్టించాడు. ఇప్పుడు సుమారు 300 ఎకరాల్లో దాదాపు తొంభై భవనాలు అసలువి, మిగతావి పాత పునాదుల మీద మళ్ళీ కట్టినవి. వీధుల్లో నడవడానికి టికెట్టు అక్కర్లేదు, ఇళ్ళలోకీ పనివాళ్ళ దుకాణాల్లోకీ వెళ్ళాలంటే కావాలి. కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, అచ్చు వేసేవాడు, దర్జీ, అందరూ నిజంగానే ఆ పని చేస్తుంటారు. అక్కణ్ణుంచి 23 మైళ్ళ కలోనియల్ పార్క్‌వే ఒక కొసన జేమ్స్‌టౌన్‌ని, ఇంకో కొసన యార్క్‌టౌన్‌ని కలుపుతుంది. ఇంగ్లీషువాళ్ళు 1607లో దిగిన చోటు, 1781లో లొంగిపోయిన చోటు, మధ్యలో రాజధాని. ఇన్ని ఒకే రోడ్డు మీద ఉన్నప్పుడు, బోస్టన్, ఫిలడెల్ఫియా చూడలేదే అని బెంగ పెట్టుకోకండి.

మొదట జేబు కుట్టించండి. నిజంగానే జేబు. 18వ శతాబ్దంలో ఆడవాళ్ళ గౌనుకి జేబు ఉండేది కాదు. బేరిపండు ఆకారంలో విడిగా ఒక సంచి కుట్టి, నాడాతో నడుముకి కట్టుకుని, దానిమీద లంగా కట్టేవాళ్ళు. లంగా పక్క చీలికలోంచి చెయ్యి లోపలికి పెడితే జేబు తగిలేది. మన అమ్మమ్మలు బొడ్డులో దోపుకున్న చిక్కం గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లాడు కూడా రెండు సాయంత్రాల్లో కుట్టగలడు. కుట్టాక, "ఈ జేబులో ఏం పెట్టుకునేవాళ్ళు?" అని వదిలేయండి. తాళాలు, సూదుల డబ్బీ, చిల్లర అని మొదలై, పెళ్ళయిన ఆడదాని ఆస్తి చట్టప్రకారం మొగుడిదే కదా, మరి జేబులో చిల్లర ఎవరిది అనేదాకా మా ఇంట్లో వెళ్ళింది. ఆ వారం చరిత్ర పుస్తకం తెరవలేదు.

తర్వాత లోపల వేసుకునే షిఫ్టు. మోకాళ్ళ కిందకి వచ్చే తెల్లటి లినెన్ చొక్కా. లినెన్ ధర చూసి నేను మా నాన్నగారి పాత నేత పంచె కత్తిరించాను. అన్నీ దీర్ఘచతురస్రాలు, చతురస్రాలే, చంకలో పెట్టే ముక్కతో సహా. బట్ట చేత్తో నేసే రోజుల్లో ఒక్క పీలిక వృథా కాకుండా కత్తిరించేవాళ్ళు. మీ పాపకి గీతల కాగితం ఇచ్చి, ఇన్ని గజాల్లో ముక్కలన్నీ పట్టించమనండి, అదే లెక్కల పాఠం. మగపిల్లల చొక్కా కూడా ఇదే పద్ధతి, లాల్చీలా మోకాళ్ళ దాకా వస్తుంది. దానిమీద ఒక వెయిస్ట్‌కోటు, మోకాలి కింద బొత్తాం పెట్టే బ్రీచెస్ ఉంటే బాబు వేషం అయిపోయినట్టే. ఇంకో మాట, ఆ కాలంలో మగపిల్లలకి కూడా చిన్నప్పుడు గౌన్లే తొడిగేవాళ్ళు, నాలుగేళ్ళు దాటాకో ఏడేళ్ళకో మొదటి బ్రీచెస్ ఇచ్చేవాళ్ళు. ఈ ముక్క మీ బాబుకి చెప్పి మొహం చూడండి.

లంగా విషయంలో మనం వాళ్ళకంటే ముందున్నాం. నడుం దగ్గర కుచ్చెళ్ళు, నాడా, ఇవి మన చేతులకి వచ్చిన పనే. గౌను ముందుభాగం బొత్తాలతో కాదు, గుండుసూదులతో మూసేవాళ్ళు. భుజాల మీద ఒక తెల్ల గుడ్డ ఓణీలా వేసి దానికీ పిన్నులే. మా పాప పిన్నులు చూసి హడలిపోతే, నేను రోజూ పైటకి ఎన్ని పెడతానో లెక్కపెట్టి చూపించాను. పాలిస్టర్ మాత్రం వద్దు. అక్కడ వంటిళ్ళలో నిజమైన పొయ్యిలు మండుతుంటాయి, నిప్పురవ్వ పడితే పాలిస్టర్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. నూలు, లినెన్ అలా కరగవు.

ఇప్పుడు గౌను బట్ట. నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

మా అమ్మమ్మగారిది పెడన. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే చెక్క అచ్చులు కొట్టే టకటక చప్పుడు, కరక్కాయ వాసన, ఆరేసిన కలంకారీ దుప్పట్లు. ఒకసారి వచ్చేటప్పుడు నాలుగు గజాల ఎర్రపూల బట్ట తెచ్చుకున్నాను. పాపకి గౌను కుట్టాలంటే ఇంట్లో అంతకన్నా మంచి నూలుబట్ట లేదు. "వర్జీనియా గౌనుకి పెడన బట్టేంటి" అని నేనే నవ్వుకుని, తప్పు చేస్తున్నాననుకుంటూనే కుట్టాను. విలియమ్స్‌బర్గ్‌లో గౌన్లు కుట్టే దుకాణంలో పనిచేసే ఆవిడ ఆ బట్ట అంచు పట్టుకుని, ఇది ఎక్కడిదో తెలుసా అని పాపని అడిగింది. "మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఊరిది" అంది పాప. ఆవిడ ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత అరగంట మాట్లాడింది.

సంగతేంటంటే, ఆ కాలంలో ఇంగ్లండూ, అమెరికాలోని దాని వలస రాజ్యాలూ ఎగబడి కొన్న బట్టల్లో కోరమాండల్ తీరపు రంగుపూల నూలుబట్ట ఒకటి. వాళ్ళు చింట్జ్ అన్నారు, ఆ మాట మన ఛీంటు నుంచి వచ్చిందే. ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో అడుగుపెట్టింది, బట్టల కోసమే. ఇంగ్లండులో ఉన్నిబట్ట, పట్టుబట్ట నేసేవాళ్ళు గోల చేస్తే, 1700లో ఒక చట్టం చేసి మన అద్దకపు బట్ట అక్కడ అమ్ముకోవడానికి దిగుమతి చేయకూడదన్నారు. 1721లో ఇంకోటి చేసి అద్దకపు నూలుబట్ట అసలు కట్టుకోనేకూడదన్నారు. కానీ లండన్‌లో దింపి మళ్ళీ ఓడ ఎక్కించి వలసలకి పంపడానికి అడ్డు లేదు. అంటే లండన్ ఆవిడ కడితే నేరం, వర్జీనియా ఆవిడ కడితే ఫ్యాషను. మా వాడు దీన్ని వినగానే "అయితే రూలు పెట్టింది బట్ట మీద కాదు, మార్కెట్టు మీద" అన్నాడు. పన్నెండేళ్ళ వాడు. బ్రిటన్ వేసిన స్టాంపు పన్ను, టీ పన్ను, వలసలవాళ్ళ కోపం, ఇవన్నీ ఆ తర్వాత నేను కష్టపడి చెప్పాల్సిన పాఠాలు కాలేదు.

ఒక్క సవరణ. ఇప్పుడు పెడనలో చెక్క అచ్చులు కొడతారు గానీ, అప్పట్లో ఎగుమతైన మేలురకం బట్ట ఎక్కువగా కలంతో చేత్తో రాసినదే, ఇప్పటి శ్రీకాళహస్తి పనికి దగ్గర. ఆ సంగతి కూడా పిల్లలకి చెప్పండి, మన ఊరు కదా అని ముద్దుచేయకుండా.

ఇది ఇంట్లో సైన్సు పాఠం కూడా అవుతుంది. కరక్కాయ పొడిని పాలల్లో కలిపి తెల్లబట్ట నానబెట్టి ఆరబెట్టండి. బెల్లం నీళ్ళలో తుప్పుపట్టిన మేకులు వేసి రెండు వారాలు వదిలేస్తే ఒక మురికి నీళ్ళు తయారవుతాయి. ఆ నీళ్ళలో పుల్ల ముంచి బట్ట మీద గీయగానే గీత నల్లబడుతుంది. పటిక నీళ్ళతో గీస్తే ఏమీ కనబడదు, ఎర్రరంగులో ఉడికిస్తే అక్కడే రంగు పట్టుకుంటుంది. మన తీరంలో ఆ ఎరుపు చిరివేరుది. అది మీకు అమెరికాలో దొరకదు, మంజిష్ఠ పొడి వాడండి. నేలకి గోనెలు పరవండి, మా కార్పెట్టు మీద ఇప్పటికీ మచ్చ ఉంది.

యార్క్‌టౌన్ వెళ్ళే ముందు అక్కడి బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ పేరు చెప్పి వదిలేయండి. 1781 అక్టోబరు 19న బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది. ఆయన మాత్రం ఒంట్లో బాలేదని రాకుండా, కింది అధికారి ఓహారా చేతికి కత్తి ఇచ్చి పంపాడు. అమెరికా సేనాని వాషింగ్టన్ కూడా తాను తీసుకోకుండా తన కింది అధికారి బెంజమిన్ లింకన్‌కి ఇమ్మన్నాడు. ఈ అలకల కథ పిల్లలకి తెగ నచ్చుతుంది. తర్వాత అడగండి, ఇంత ఓడిపోయినాయన ఇంటికెళ్ళి ఏం చేశాడని. ఐదేళ్ళకి గవర్నర్ జనరల్‌గా మన దేశం వచ్చాడు. టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చేశాడు, 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పెట్టాడు. 1802 నుంచి అదే పద్ధతి ఉత్తర సర్కారులకి, అంటే మన కోస్తా జిల్లాలకి వచ్చింది. మా ముత్తాతలు జమీందారుకి కట్టిన శిస్తుకీ యార్క్‌టౌన్ మట్టిదిబ్బలకీ మధ్య ఒకే మనిషి నిలబడి ఉన్నాడు.

ఇక కష్టమైన ముక్క. దీన్ని దాటేయాలని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. పాపకి గౌను తొడిగి ఆ వీధిలో నడిపిస్తుంటే ఆమె అడిగింది: "నా రంగుతో ఇక్కడ ఉంటే నేను ఈ గౌను వేసుకునేదాన్నా?" విప్లవం నాటికి విలియమ్స్‌బర్గ్ జనంలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు, వాళ్ళలో దాదాపు అందరూ బానిసత్వంలో ఉన్నవాళ్ళు. పెద్దింటి గౌను ఉతికింది, ఇస్త్రీ చేసింది, కొన్నిచోట్ల కుట్టింది కూడా వాళ్ళే. తోటల్లో పనిచేసేవాళ్ళకి ఇచ్చింది ఓస్నబర్గ్ అనే గోనెలాంటి ముతక లినెన్. ఒక చిన్న ముక్క సంపాదించి ఇద్దరి మెడలకీ కాసేపు రుద్దండి. ఆ బట్టతో వేషం మాత్రం కుట్టకండి. అక్కడ బానిసల పాత్ర వేసి మాట్లాడేవాళ్ళు ఏళ్ళ తరబడి చదివి, ఆలోచించి చేసే పని అది. మన పిల్లలకి ఆటగా ఇవ్వకూడదు.

దాని బదులు పాత వర్జీనియా గెజెట్ పత్రికలో పారిపోయిన బానిసల ప్రకటనలు చదివించండి, అవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పట్టివ్వమని యజమానులు వేసినవే, కానీ ఆ మనుషులు ఎలా ఉండేవాళ్ళో, ఏం వేసుకున్నారో, ఏ పని వచ్చో వాటిలో ఉంటుంది. థామస్ జెఫర్‌సన్ 1769లో శాండీ అనే చెప్పులు కుట్టే మనిషి కోసం వేయించినది ఒకటుంది, అతను ఎక్కువగా ఎడమచేత్తో పనిచేస్తాడని కూడా రాశాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో అందరూ సమానంగా పుట్టారన్న వాక్యం రాయడానికి ఏడేళ్ళ ముందు.

మా ఇంట్లో అందరికీ గుర్తుండిపోయినవాడు ఐజక్ బీ. విలియమ్స్‌బర్గ్‌లో 1760 నుంచి 1774 వరకు నల్లపిల్లల కోసం బ్రే స్కూలు నడిచింది. ఆన్ వేజర్ అనే ఒక్క టీచరమ్మ చదవడం, మతం నేర్పేది, ఆడపిల్లలకి కుట్టుపని కూడా. ఆ బడి భవనాన్ని 2020లో గుర్తుపట్టి, 2023లో ఇల్లు ఇల్లంతా బండి మీద పెట్టి చారిత్రక ప్రాంతానికి తరలించారు. ఆ బడి పిల్లల పట్టికలో ఐజక్ పేరుంది. 1774లో అతని కోసం యజమాని వేయించిన ప్రకటన ఉంది. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళవాడు, తండ్రి స్వతంత్రుడు కాబట్టి తనకీ స్వేచ్ఛ హక్కని అనుకుంటాడు, చదవగలడు, ఎవరితోనైనా దొంగ అనుమతిపత్రం రాయించుకోగలడు అని అందులో యజమాని గొణుగుడు. బట్టల దగ్గరకొచ్చేసరికి, ఏం వేసుకున్నాడో చెప్పలేను, అతనికి రకరకాలు ఉన్నాయి, ఈపాటికి మార్చేసి ఉంటాడు అని రాశాడు. మా పాప ఆ ముక్క చదివి గట్టిగా నవ్వింది. మారువేషం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది.

అదే గెజెట్‌లో 1776 జూలై నాటి ప్రకటన ఇంకొకటి ఉంది: జాన్ న్యూటన్, ఇరవయ్యేళ్ళవాడు, పుట్టుకతో "ఏషియాటిక్ ఇండియన్", ఇంగ్లండులో పదేళ్ళుండి వర్జీనియా వచ్చి ఏడాది అయింది, పారిపోయాడు. జేమ్స్‌టౌన్‌లో ఇంకా ముందే, 1630ల నాటి భూమి పత్రంలో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఉంది. ఓడ ఖర్చు పెట్టి ఒక మనిషిని తెస్తే 50 ఎకరాలు ఇచ్చేవాళ్ళు, ఆ లెక్కలో వచ్చిన పేరు. మనవాళ్ళు హెచ్‌1బీతోనే ఇక్కడికి మొదలయ్యారనుకునే పిల్లలకి ఇది చెప్పి తీరాలి. టోనీ అసలు పేరేమిటో ఆ పత్రంలో లేదు.

అమెరికా ఆదివాసుల వేషమని ఈకల కిరీటం మాత్రం ఎవరు అమ్మినా కొనకండి. ఇక్కడి ఆదివాసులైన పౌహతన్ ప్రజల వారసులు ఇప్పటికీ వర్జీనియాలో ఉన్నారు, ఒక జాతి ఒంటిమీది బట్ట మనకి వేషం కాదు. జేమ్స్‌టౌన్‌లో రెండు చోట్లున్నాయని కూడా గుర్తుపెట్టుకోండి. హిస్టారిక్ జేమ్స్‌టౌన్ అసలు స్థలం, 1994 నుంచి తవ్వకాలు జరుగుతున్నాయి. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ అంటే పక్కనే ఉన్న మ్యూజియం, మళ్ళీ కట్టిన ఓడలు, కోట, పౌహతన్ ఊరు అక్కడ ఉంటాయి. మీ ఎనిమిదేళ్ళ వాడికి మొదట ఓడలే చూపించండి. తవ్వకాల స్థలంలో ఆకలి చలికాలం, అంటే 1609-10 నాటి పద్నాలుగేళ్ళ అమ్మాయి ఎముకలు, ఆమె చనిపోయాక తినడానికి కోసిన కత్తిగాట్ల కథ ఉన్నాయి. ముందు మీరు చూసి, వాడు తట్టుకోగలడో లేదో తేల్చుకోండి.

మిగతావి త్వరగా. వర్జీనియాలో ఆగస్టు 15 లోపు స్కూలు డివిజన్‌కి నోటీసు ఇవ్వాలి, ఏడాది చివర ఆగస్టు 1 లోపు పిల్లల ప్రగతికి ఆధారం చూపాలి, చరిత్రకని వాళ్ళు విడిగా రాష్ట్ర పరీక్ష రాయక్కర్లేదు. విలియమ్స్‌బర్గ్‌లో శరదృతువులో హోమ్‌స్కూల్ పిల్లలకని టికెట్ తగ్గించే రోజులుంటాయి, తేదీలు ఏటా మారతాయి, ఫోన్ చేసి కనుక్కోండి. పెద్దవాళ్ళు పాతకాలపు దుస్తుల్లో వస్తే కొన్నిచోట్ల ఒప్పుకోరు, అక్కడి ఉద్యోగులనుకుని జనం పొరబడతారని, కాబట్టి మీ గౌను సంగతి కూడా అదే ఫోన్‌లో అడిగేయండి. బొమ్మ తుపాకులు ఇంట్లోనే ఉంచండి. పాత్రలో ఉన్నవాళ్ళని "మీరు నిజంగా ఎవరు" అని పట్టి లాగకుండా, "మీ ఒంటి మీద బట్ట ఎక్కడిది" అని అడగమని పిల్లలకి నేర్పండి. ఒకసారికి రెండు దుకాణాలు, ఒక ఇల్లు, తర్వాత గడ్డి మీద పులిహోర. అంతకు మించి పెట్టుకోకండి.

జేబుకి కొలత అడుగుతారేమో: పాపకి పన్నెండు అంగుళాల పొడవు, అడుగున ఎనిమిది, పైన నాలుగు, మధ్యలో చెయ్యి పట్టేంత చీలిక. నాడా నడుముకి ఒకటిన్నర చుట్టు వచ్చేలా చూసుకోండి. బాబు కూడా కుడతానంటే కుట్టనివ్వండి, ఆ కాలపు దర్జీలు ఎక్కువమంది మగవాళ్ళే.